మళ్లీ తెరవాల్సి వస్తే? రూట్ కెనాల్ సీలర్ ఎంచుకునే ముందు ఆలోచించాల్సినవి

మొన్న వేసవిలో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు కింది ఎడమ దవడ పన్నుతో నా డెంటల్ క్లినిక్‌కు వచ్చారు. నాలుగేళ్ల కిందట వేరే ఊళ్లో ఆర్‌సీటీ (రూట్ కెనాల్ చికిత్స) చేయించుకుని క్యాప్ వేయించుకున్న పన్ను అది. ఇప్పుడు క్యాప్ పక్కన చిగురు మీద చిన్న పొక్కు, వేలితో నొక్కితే చీము. ఎక్స్‌రే తీస్తే డిస్టల్ (వెనక) వేరు బాగానే నిండి ఉంది. మీసియల్ (ముందు) వేరులో మాత్రం రెండు కెనాల్స్‌లోనూ, అంటే వేరు లోపలి సన్నని గొట్టాల్లో, గట్టాపెర్చా అనే రబ్బరులాంటి పదార్థం కొసకు మూడు మిల్లీమీటర్ల ఇవతలే ఆగిపోయింది. ఆగినచోటు నుంచి కిందికి, సందులు పూడ్చే సీలర్ ఒక్కటే సన్నని తెల్లగీతలా కనబడుతోంది. ఏ సీలర్ వాడారో ఆయన దగ్గరున్న చీటీలో లేదు. "ఏదో కొత్తరకం సిమెంటమ్మా. ఖరీదెక్కువ, కానీ మంచిదన్నారు" అన్నారాయన.

గట్టాపెర్చా తీయడానికి అరగంట పట్టలేదు. ఆ మిగిలిన మూడు మిల్లీమీటర్లకు మూడు సిట్టింగులు పట్టాయి. సన్నని సూదిలాంటి 8 నంబర్ ఫైలు, 10 నంబర్ ఫైలు, మైక్రోస్కోప్ కింద అల్ట్రాసోనిక్ టిప్పు, ఏది పెట్టినా బండరాయిని గీకినట్టే ఉంది. చివరికి ఒక కెనాల్ కొసదాకా తెరుచుకుంది, రెండోది తెరుచుకోలేదు. ఇంకా బలవంతం చేస్తే వేరుకు పక్కన చిల్లు పడుతుందని భయపడి ఆపేశాను. క్లోరోఫామ్ ద్రావకానికి ఏమాత్రం లొంగని ఆ గట్టిదనాన్ని బట్టి అది సిమెంట్‌లా గడ్డకట్టే బయోసెరామిక్ సీలరే అనుకుంటున్నాను.

సీలర్ కొనేటప్పుడు మనం చాలా చూస్తాం. బాగా పారుతుందా, ఎక్స్‌రేలో తెల్లగా కనబడుతుందా, సిరంజిలో కలిపి వస్తుందా, రేటెంత అని అడుగుతాం. రేపు దీన్ని తీయాల్సి వస్తే ఎలా వస్తుందని అడిగేవాళ్లు తక్కువ. కొత్తగా ప్రాక్టీస్ పెట్టిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఏ సీలర్ కొనమంటారని నన్ను అడుగుతూనే ఉంటారు. వాళ్ల కోసమే ఈ పోలిక. పన్ను మళ్లీ చేయించుకోవాల్సి వచ్చినవాళ్లు చదివినా అర్థమయ్యేలా రాయడానికి ప్రయత్నించాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గట్టాపెర్చా కోన్ (సన్నని కడ్డీ) పూర్తి పొడవు కూర్చునే కెనాల్‌లో బయోసెరామిక్ వాడటానికి నాకు అభ్యంతరం లేదు. కోన్ కొసదాకా పోని కెనాల్‌లో మాత్రం వాడను. అక్కడ ద్రావకానికి మెత్తబడే ఎపాక్సీ రెసిన్ సీలరే వాడతాను.

కోన్ ఉన్నచోటే దారి ఉంటుంది

కెనాల్‌ను అసలు నింపేది గట్టాపెర్చా. దానికీ వేరు గోడకూ మధ్య మిగిలే సందుల్లో ఉండేది సీలర్. సీలర్లకున్న ఐఎస్ఓ 6876 ప్రమాణం ప్రకారం దాని పొర 50 మైక్రాన్లకు మించకూడదు. మన తల వెంట్రుక మందం కూడా అటూ ఇటూగా అంతే. కోన్ సరిగ్గా కూర్చుంటే, తిరిగి తెరిచేటప్పుడు మనం తీసేది గట్టాపెర్చానే. అది వేడికి మెత్తబడుతుంది, ద్రావకానికి కరుగుతుంది, ఫైలుకు చుట్టుకుని వస్తుంది. అది వచ్చేస్తే కొసదాకా దారి దొరికినట్టే. గోడకు పట్టుకున్న సీలర్ పొర కొంత మిగిలినా ఈడీటీఏ, హైపోక్లోరైట్ వంటి కడిగే ద్రవాలు లోపలికి పోగలుగుతాయి.

కోన్ పొట్టిదైతే కథ మారిపోతుంది. అక్కడ పొరగా ఉండాల్సిన సీలరే కెనాల్ నిండా దిమ్మెలా గడ్డకడుతుంది. అప్పుడు ఆ సీలర్ ఎంత గట్టిదైతే మన దారి అంత గట్టిది. మాస్టారి పన్నులో జరిగింది ఇదే. సింగిల్ కోన్ పద్ధతిలో సిరంజితో సీలర్ నిండా ఎక్కించి, కోన్ ఎక్కడ ఆగితే అక్కడ వదిలేస్తే ఎక్స్‌రే మాత్రం అందంగానే వస్తుంది. అందుకే ఈ పొరపాటు ఆరోజు ఎవరి కంటా పడదు.

కొసదాకా చేరడం ఎందుకంత ముఖ్యమో రెండు అధ్యయనాలు చెబుతాయి. 2011లో వెలువడిన ఒక పెద్ద బ్రిటిష్ అధ్యయనంలో వేరు కొసన ఎముక మానడం మొదటిసారి ఆర్‌సీటీలో 83 శాతం, రెండోసారి చేసినదానిలో 80 శాతం. అంటే సరిగ్గా చేస్తే రెండోసారి కూడా దాదాపు అంతే ఫలితం ఇస్తుంది. 2004లో వచ్చిన ఇటలీ అధ్యయనం ఇంకో సంగతి చూపించింది. మొదటి చికిత్సలో కెనాల్ సహజమైన ఆకారం చెడని పళ్లలో రీట్రీట్‌మెంట్ (రెండోసారి చికిత్స) 86.8 శాతం ఫలించింది. కెనాల్ గోడలో మెట్టు పడి, చిల్లు పడి, దారి మారిపోయిన పళ్లలో 47 శాతమే. గట్టి సీలర్‌తో పోట్లాడేటప్పుడు పడేవి సరిగ్గా ఆ మెట్లూ ఆ చిల్లులే.

ద్రావకాల లెక్క

రెసిన్ గట్టిది, జింక్ ఆక్సైడ్ యూజినాల్ మెత్తనిది, కాబట్టి యూజినాల్ సీలరే సులువుగా కరుగుతుందని కాలేజీలో అనుకునేవాళ్లం. 2000లో ఇంటర్నేషనల్ ఎండోడాంటిక్ జర్నల్‌లో వచ్చిన ఒక ప్రయోగం ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది. గడ్డకట్టిన సీలర్లను పది నిమిషాలు క్లోరోఫామ్‌లో ఉంచి ఎంత బరువు తగ్గాయో చూశారు. ఎపాక్సీ రెసిన్ అయిన ఏహెచ్ ప్లస్ 96 శాతం కరిగిపోయింది. యూజినాల్ రకమైన ట్యూబ్లిసీల్ 62.5 శాతం. కాల్షియం హైడ్రాక్సైడ్ రకమైన ఎపెక్సిట్ 11.6 శాతం. గ్లాస్ అయోనోమర్ అయిన కెటాక్ ఎండో ఒక్క శాతం కూడా కరగలేదు.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. ఎపెక్సిట్ కరగకపోయినా పెళుసుగా ఉంటుంది కాబట్టి ఫైలు తగిలితే పొడిపొడిగా ఊడివస్తుంది. ఏహెచ్ ప్లస్ అంతగా కరిగింది క్లోరోఫామ్‌లో. మీ క్లినిక్‌లో ఆరెంజ్ ఆయిల్ ఒక్కటే ఉంటే ఆ ఫలితం రాదు. ఆరెంజ్ ఆయిల్, యూకలిప్టస్ ఆయిల్ గట్టాపెర్చాను మెత్తబరుస్తాయి, యూజినాల్ సీలర్‌పైనా బాగానే పనిచేస్తాయి, ఎపాక్సీ మీద మాత్రం బలహీనం. కాబట్టి సీలర్‌ను ఎంచుకునేటప్పుడే మీ అలమరలో ఏ ద్రావకం ఉందో చూసుకోవాలి. రెండూ జంటగా ఆలోచించాల్సినవి.

క్లోరోఫామ్ వాడేవాళ్లకు ఒక మాట. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో, 2బీ వర్గంలో, పెట్టింది. చుక్కలుగానే వాడాలి, గదిలో గాలి ఆడాలి. పన్ను చుట్టూ కట్టే లేటెక్స్ రబ్బర్ డ్యామ్ మీద పడితే దాన్ని తినేస్తుంది, కొన్నిరకాల ప్లాస్టిక్‌నూ కరిగిస్తుంది, అందుకని గాజు సిరంజి మేలు. కొస దగ్గరి మూడో భాగంలో గట్టాపెర్చా ఉంటే అక్కడ నేను క్లోరోఫామ్ వేయను. కరిగిన గట్టాపెర్చా జిగురులా గోడలకు పూసుకుపోతుంది, కొస దాటి బయటికి కూడా పోతుంది.

ఒక్కో రకం తీసేటప్పుడు ఎలా ఉంటుంది

జింక్ ఆక్సైడ్ యూజినాల్ మన దగ్గర దశాబ్దాలుగా నమ్మకంగా వాడుతున్న సీలర్. పంటి నొప్పికి మన అమ్మమ్మలు దూది ముంచి పెట్టిన లవంగ నూనెలో ప్రధానంగా ఉండేది ఈ యూజినాలే. పాత ఆర్‌సీటీ తెరవగానే ఆ వాసన వస్తే నాకు సగం బెంగ తీరుతుంది. హెడ్‌స్ట్రామ్ ఫైలుకు, మామూలుగా వాడే ద్రావకాలకు అది లొంగుతుంది. చవక కూడా. లోపాలూ ఉన్నాయి. ఏళ్లు గడిచేకొద్దీ కణజాల ద్రవాల్లో కొద్దికొద్దిగా కరుగుతుంది. మిగిలిన యూజినాల్ రెసిన్ సిమెంట్‌ను సరిగ్గా గట్టిపడనివ్వదు, అందుకే ఫైబర్ పోస్ట్ (వేరులో నిలిపే ఆధారపు కడ్డీ) పెట్టబోయే పన్నులో నేను దాన్ని వాడను.

సీలాపెక్స్, ఎపెక్సిట్ వంటి కాల్షియం హైడ్రాక్సైడ్ సీలర్లు తీయడం సులువు. అంత సులువుగా ఊడొచ్చేది లోపలా అంతే సులువుగా అరిగిపోతుందేమోనన్న అనుమానంతో నేను వాటిని పక్కన పెట్టాను. రోకోసీల్, గుట్టాఫ్లో వంటి సిలికాన్ సీలర్లు గోడకు అతుక్కోవు, రబ్బరు తునకల్లా వచ్చేస్తాయి. గ్లాస్ అయోనోమర్ సీలర్లు ఇప్పుడు దాదాపు ఎవరూ వాడరు. పాత పన్నులో దొరికితే ద్రావకం మీద ఆశ వదిలి అల్ట్రాసోనిక్‌కు వెళ్లండి. రెసిలాన్ అని 2000ల మధ్యలో ఒక వెలుగు వెలిగిన పదార్థం ఉంది. గట్టాపెర్చా బదులు పాలిమర్ కోన్, దానికి తగిన రెసిన్ సీలర్. అది క్లోరోఫామ్‌లో కరుగుతుంది. కాలంతో పాటు కెనాల్ లోపలే క్షీణించడంతో మార్కెట్లో నిలవలేకపోయింది.

రష్యా, తూర్పు యూరప్ దేశాల్లో ఒకప్పుడు విరివిగా వాడిన రిసార్సినాల్ ఫార్మాలిన్ పేస్టు గురించి కూడా తెలిసి ఉండాలి. ఎర్రబారిన పన్ను, లోపల ఇటుకలాంటి దిమ్మె కనిపిస్తే అదే. దాన్ని కరిగించే ద్రావకమంటూ ఏదీ లేదు. ఆ దేశాల్లో ఉండి వచ్చినవాళ్ల పన్నులో అది కనబడితే, ముట్టుకునే ముందే పేషెంట్‌తో అన్నీ మాట్లాడుకోండి.

ఇక అసలు పోటీ ఎపాక్సీ రెసిన్‌కీ బయోసెరామిక్‌కీ మధ్యే.

ఏహెచ్ ప్లస్ చాలా ఏళ్లుగా మిగతా సీలర్లను పోల్చి చూసే కొలబద్ద. దాని ముందుతరం ఏహెచ్ 26 గట్టిపడేటప్పుడు ఫార్మాల్డిహైడ్ వదిలేది. ఆ లోపాన్ని సరిదిద్ది తెచ్చినదే ఏహెచ్ ప్లస్. వేరు గోడ అయిన డెంటిన్‌లోని సన్నని గొట్టాల్లోకి దూరుతుంది, గోడను గట్టిగా పట్టుకుంటుంది, చాలా తక్కువగా కరుగుతుంది. తీసేటప్పుడు గొట్టాల్లోకి దూరిన భాగం ఎలాగూ రాదు. కెనాల్ మధ్యలో ఉన్నది మాత్రం క్లోరోఫామ్‌కు మెత్తబడుతుంది, ఫైలు దిగుతుంది. కోన్ పొట్టిగా ఆగిన ఏహెచ్ ప్లస్ కెనాల్స్‌ను చాలాసార్లు తెరిచాను. కష్టపడ్డాను కానీ దారి దొరికింది.

బయోసెరామిక్‌ల పుట్టుక ఎంటీఏ అనే దంత సిమెంట్ దగ్గర. 1993లో కాలిఫోర్నియాలోని లోమా లిండా విశ్వవిద్యాలయం నుంచి ఆ పదార్థం గురించిన మొదటి పరిశోధనలు వచ్చాయి. దాని మూలం ఇల్లు కట్టే పోర్ట్‌లాండ్ సిమెంటే. నేటి కాల్షియం సిలికేట్ సీలర్లు, అంటే ఎండోసీక్వెన్స్ బీసీ, బయోరూట్ ఆర్‌సీఎస్, సెరాసీల్ వంటివి, అదే కుటుంబం. పంటిలోని తేమతోనో కలిపిన నీటితోనో గట్టిపడతాయి, కాల్షియం హైడ్రాక్సైడ్‌ను వదులుతాయి, శరీర ద్రవాలు తగిలినచోట ఎముకలో ఉండేలాంటి ఖనిజాన్ని ఏర్పరుస్తాయి. కొస దాటి కొంచెం బయటికి పోయినా కణజాలం బాగానే ఓర్చుకుంటుంది. ఇవన్నీ నిజమైన మేళ్లు. నా ప్రాక్టీస్‌లో నేనూ వాడుతున్నాను.

కానీ సిమెంట్ సిమెంటే. గడ్డకట్టిన కాంక్రీటు మీద కిరోసిన్ పోస్తే ఏమవుతుంది? క్లోరోఫామ్, జైలీన్, ఆరెంజ్ ఆయిల్ బయోసెరామిక్ మధ్యలో ఉన్న గట్టాపెర్చాను మాత్రమే కరిగిస్తాయి. సీలర్‌ను కరిగించే మామూలు ద్రావకం మన చేతిలో లేదు. 2011లో జర్నల్ ఆఫ్ ఎండోడాంటిక్స్‌లో వచ్చిన ప్రయోగం ఈ సంగతిని సూటిగా చూపించింది. పీకేసిన పళ్లలో బీసీ సీలర్ నింపి, కొన్నిట్లో కోన్‌ను పూర్తి పొడవు, కొన్నిట్లో కావాలని పొట్టిగా పెట్టి, గట్టిపడ్డాక తెరిచి చూశారు. కోన్ పొట్టిగా ఉన్నవాటిలో 70 శాతం కెనాల్స్‌లో పూర్తి పొడవు తిరిగి దక్కలేదు. కోన్ పూర్తి పొడవు ఉన్నవాటిలో పేటెన్సీ (కొసదాకా దారి) దొరకనివి 20 శాతం. ఒకే సీలర్ వాడినా కోన్ ఎక్కడ ఆగిందన్నదాన్ని బట్టి ఇంత తేడా వచ్చింది.

ఆ తర్వాత వచ్చిన మైక్రో సీటీ (సూక్ష్మ స్కాన్) పరిశోధనలు ఒక్క మాట మీద లేవు. బయోసెరామిక్ ఎక్కువ మిగిలిపోతుందని కొన్ని, ఏహెచ్ ప్లస్‌తో తేడా లేదని కొన్ని చెబుతున్నాయి. ఏ సీలర్‌నూ ఏ పద్ధతిలోనూ నూటికి నూరుపాళ్లు తీయలేమన్నది మాత్రం అన్నిట్లోనూ కనిపిస్తుంది. అందుకే గోడ మీద ఎంత మిగిలిందన్న లెక్కకు నేను పెద్ద విలువ ఇవ్వను. ఫైలు కొసదాకా చేరిందా లేదా అన్నదే చూస్తాను.

పేరు చూసి మోసపోకూడని చోట్లు రెండు ఉన్నాయి. ఎంటీఏ ఫిల్లాపెక్స్ పేరులో ఎంటీఏ ఉన్నా దానిలో ప్రధానంగా ఉండేది శాలిసిలేట్ రెసిన్. అది సిమెంట్‌లా బిగుసుకోదు, తీయడం తేలిక. ఇక ఏహెచ్ ప్లస్ పేరుతోనే ఇప్పుడు ఒక బయోసెరామిక్ సీలర్ కూడా వచ్చింది. కేస్ షీట్‌లో "ఏహెచ్ ప్లస్" అని మాత్రం రాస్తే తర్వాతి డాక్టర్ క్లోరోఫామ్ చుక్క వేసి గంట కూర్చుంటారు. ఆ సీలర్ ఏమో అసలు కరిగే రకమే కాదు.

మరి ఏ పన్నుకు ఏది?

నేను మొదట చూసేది మాస్టర్ కోన్ ఎక్స్‌రే, అంటే కోన్‌ను కెనాల్‌లో పెట్టి తీసేది. కోన్ పూర్తి పొడవు పోయి, లాగితే కాస్త బిగువుగా వస్తే, ఎపాక్సీ అయినా బయోసెరామిక్ అయినా సరే. కొసన పెద్ద నీడ (ఎముక దెబ్బతిన్న గుర్తు) ఉండి సీలర్ బయటికి పోయే అవకాశం ఉంటే బయోసెరామిక్ వైపు మొగ్గుతాను. కెనాల్ సున్నం పట్టి మూసుకుపోయి, మెట్టు పడి, ఎంత ప్రయత్నించినా కోన్ కొసకు పోకపోతే ఏహెచ్ ప్లస్ పెట్టి గట్టాపెర్చాను నొక్కి కాంపాక్ట్ చేస్తాను. ఆ పన్ను మళ్లీ తెరవాల్సివచ్చే అవకాశం ఎక్కువ. దాన్ని తెరిచేవాళ్లకు, అది నేనే కావచ్చు, దారి మిగల్చాలి.

రెండోది, సర్జరీ చేతికి అందే పన్నా కాదా అన్నది. ఎక్కువమంది మరిచిపోయేది ఇదే. కెనాల్ లోపలి నుంచి పోలేకపోతే చిగురు తెరిచి వేరు కొసను సుమారు మూడు మిల్లీమీటర్లు కోసి వెనకనుంచి మూసే ఆపరేషన్ ఒకటుంది. పై ముందు పళ్లకు అది సులువు, కాబట్టి అక్కడ గట్టి సీలర్ వేసినా ఇంకో దారి మిగిలి ఉంటుంది. కింది దవడ రెండో మోలార్‌కు (దవడ పన్నుకు) బయటి ఎముక చాలా మందం. కింది ప్రీమోలార్ల (మోలార్లకు ముందుండే పళ్ల) దగ్గర పెదవికి స్పర్శనిచ్చే నరం బయటికొస్తుంది. అక్కడ సర్జరీ అంటే నాకే గుండె దడ. అలాంటి పళ్లలో తిరిగి తెరవగలిగే సీలర్‌కే నా మొదటి ఓటు.

వేరు కొస పూర్తిగా మూసుకోని పిల్లల పళ్లలో ఎంటీఏ లేదా బయోసెరామిక్ పుట్టీతో అడ్డుకట్ట వేస్తాం. అది తిరిగి రాదని తెలిసే వేస్తాం, అక్కడ వేరే దారి లేదు. రెండోసారి ఆర్‌సీటీ చేసి నింపేటప్పుడు, సర్జరీ అందే పన్నైతే, గట్టి సీలర్ విషయంలో నేను కొంత పట్టు విడుస్తాను. మూడోసారి లోపలినుంచి వెళ్లడం అరుదు, ఆపై మార్గం సర్జరీయే.

ఏ సీలర్ అయినా సిరంజి టిప్పును కొసదాకా తోసి నింపకండి. కెనాల్ పై సగంలో కొంచెం వేసి, కోన్‌కు పూసి నెమ్మదిగా దించితే చాలు. కింది మోలార్లలో నరం దగ్గర ఉన్నప్పుడు ఇది మరీ ముఖ్యం.

బయోసెరామిక్ తెరవాల్సి వచ్చిందా? ముందు గట్టాపెర్చా మధ్యనుంచే దిగండి, గోడల జోలికి వెళ్లకండి. ప్రోటేపర్ రీట్రీట్‌మెంట్ రోటరీ (మెషీన్) ఫైళ్లలో పైభాగానికి డీ1, మధ్యకు డీ2 సరిపోతాయి. డీ3 కొసభాగం కోసం చేసినదే అయినా, కోన్ అక్కడిదాకా ఉందని ఎక్స్‌రేలో చూశాకే దించండి. సీలర్ దిమ్మె తగలగానే రోటరీ ఆపి చిన్న గట్టి చేతి ఫైలు పట్టండి. తిన్నగా ఉన్నంతమేరకే అల్ట్రాసోనిక్ వాడండి, వంపు మొదలైన చోట వద్దు. ముందుకు పోకపోతే అక్కడ ఆగి, బాగా కడిగి, మందు పెట్టి, పేషెంట్‌కు ఉన్నమాట చెప్పండి. ఆగడానికి సిగ్గుపడి చిల్లు పెట్టిన పళ్లు నా దగ్గరికి చాలానే వచ్చాయి. వాటిలో కాపాడలేకపోయినవి గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

మీరు పేషెంట్ అయితే ఒక్క పని చేయండి. ఆర్‌సీటీ అయిన రోజే చివరి ఎక్స్‌రేను ఫోన్‌లోకి పంపించమనండి, వాడిన సీలర్ పేరు చీటీ మీద రాయించుకోండి. సెలవుల్లో వచ్చి రెండు వారాల్లో పన్ను చేయించుకుని అమెరికా విమానం ఎక్కేవాళ్లకు ఇది ఇంకా అవసరం. అక్కడి డాక్టర్ మొదట అడిగేది అదే.

మాస్టారి పన్నును చివరికి ఏహెచ్ ప్లస్‌తో నింపాను. మొండికేసిన కెనాల్ కొసన ఇంకా ఆ రాయి ఉంది. దాని మీద ఇంకో రాయి పెట్టబుద్ధి కాలేదు. ఆరు నెలలకు చిగురు మీది పొక్కు మానింది. ఎక్స్‌రేలో నీడ తగ్గింది కానీ పూర్తిగా పోలేదు, ఏడాదికి మళ్లీ చూడాలి. ఆరోజు ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి, "ఈసారి నువ్వేం వేశావో రాసివ్వమ్మా" అని పెన్ను చేతికిచ్చారు. 36వ పన్ను (కింది ఎడమ మొదటి దవడ పన్ను), మూడు కెనాల్స్ పొడవులు, ఏ కెనాల్ ఎక్కడిదాకా తెరుచుకుందో, ఏది ఎక్కడ ఆగిందో, ఏహెచ్ ప్లస్, ఎపాక్సీ రెసిన్ రకం, తేదీ. అన్నీ తెలుగులోనే రాసిచ్చాను. ఆయన ఒకసారి చదువుకుని, పొడవుల అంకెల కింద గీత గీసుకుని, పుస్తకం జేబులో పెట్టుకున్నారు.